గంజికి గోదాము వచ్చిన కథ

తంగళ్ళపల్లి పేరు వినని మిత్రుల కోసం ముందుగా రెండు మాటలు. సిరిసిల్ల పట్టణానికి మానేరు ఆవలి ఒడ్డున ఉన్న ఊరది. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమయింది. జౌళి పార్కు ఉన్న బద్దెనపల్లి ఈ మండలంలోనిదే. ఇక్కడి మరమగ్గాల గురించీ, అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న నేత కార్మికుల గురించీ, 2017 నుండి కొన్నేళ్ళు నేసిన బతుకమ్మ చీరల గురించీ చాలామంది వ్రాశారు. నేను వ్రాయదలచినది నూలు మగ్గమెక్కక ముందే దానిని ముట్టుకునే ఒక తెల్లని పొడి గురించి. వ్యాపారులు స్టార్చ్ అంటారు. మన మాటలో గంజి పొడి. పాలిస్టరు పోగుకు దీని అవసరం అంతగా లేదు గానీ నూలు పడుగుకు మాత్రం తప్పదు.

పడుగు పోగు మగ్గం మీద ఊరికే ఉండదు. పైకీ కిందికీ ఆడుతూ అచ్చు పళ్ళకు ఒరుసుకుంటుంది. ఆ ఒరపిడికి నూగు లేచి తెగుతుంది. నూగును అణచి పోగు చుట్టూ పలుచని పొరలా పట్టుకునేదే గంజి. చేమగ్గాల రోజుల్లో వీధి పొడవునా పడుగును సాచి కట్టి, బియ్యపు గంజో జొన్న గంజో పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వేవారు. ఆరిన పోగు పెళుసెక్కకుండా కాస్త నూనె చేర్చేవారు. ఎండ ముదరక ముందే పని ముగియాలి. ఇక్కడ ఒక్క సంగతి గమనించమని మనవి. ఆ గంజికి గోదాము లేదు. కాచినది కాచినట్టే వాడేవారు, మిగిలితే పశువుల కుడితిలో కలిసేది. తడిగా పుట్టి తడిగానే ఖర్చయిన వస్తువు ఎవరికీ హాని చేయలేదు.

(పిండి బంకల మీద మనవాళ్ళ మక్కువ నేతతో ఆగలేదు. చేర్యాల నకాషీలు పటం గుడ్డకు వేసే పూతలో చింతగింజల బంక ఉంటుంది. ఆ పటాలు చూపుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. నేతగానికి తన కులపురాణం కూడా గంజి పట్టిన గుడ్డ మీదే దొరికిందన్నమాట!)

మరమగ్గం వేగం ఈ లెక్కను మార్చింది. వందల పోగులు ఒకేసారి గంజి తొట్టిలో మునిగి, వేడి డోళ్ళ మీద ఆరి, దూలానికి చుట్టుకోవాలి. దానికి కుండెడు గంజి చాలదు. మక్కజొన్న నుండో కర్రపెండలం నుండో తీసి, ఆరబెట్టి, మెత్తగా పొడి చేసి సంచులకెత్తిన సరుకు కావాలి. సంచులు వచ్చాక గోదాము వచ్చింది. గోదాముతో దుమ్ము వచ్చింది.

మగ్గాల గదిలోని దుమ్ముకు లాంకషైరులో పాత చరిత్రే ఉంది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో మంచి పత్తి కరువై, మిల్లులు నాసి పత్తితో నేసిన బట్టకు చీనా మట్టి కలిపిన బరువైన గంజి పట్టించి అమ్మాయి. ఆ మట్టి నేతగాళ్ళ ఊపిరితిత్తులలో చేరుతున్నదన్న ఫిర్యాదుపై 1872లో డాక్టర్ బుకానన్ టాడ్మార్డెన్ వెళ్ళి విచారించాడు. ఆ బరువైన బట్టలో చాలాభాగం వచ్చి చేరింది మన దేశానికే. మట్టిని గజాల లెక్కన కొనుక్కున్నాము.

కానీ గంజి పొడి మట్టి కాదు. నిజానికి విషమూ కాదు. నాలుక మీద వేసుకున్నా ఏమీ కాదు. ప్రమాదకర ద్రవ్యాల లెక్కలో దానిది అట్టడుగు స్థానం. సంచి సంచిగా ఉన్నంతసేపు నిప్పు తగిలినా మెల్లగా మాడుతుందే తప్ప ఎగసిపడదు. గాలిలోకి లేచినప్పుడే దాని స్వభావం మారుతుంది. దుంగ నిదానంగా కాలుతుంది, రంపపు పొట్టు చల్లితే గుప్పున అంటుకుంటుంది. ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటే మంట ఒకదాని నుండి మరొకదానికి క్షణంలో దూకుతుంది.

దీనిని తొలుత శ్రద్ధగా వ్రాసిపెట్టినవారిలో ఇటలీకి చెందిన కౌంట్ మొరోట్సో ఒకడు. 1785 డిసెంబరు 14 సాయంత్రం ట్యూరిన్ నగరంలో ఒక రొట్టెల వ్యాపారి కొట్టులో, దీపం పెట్టుకుని ఒక కుర్రవాడు పిండిరాశిని అడుగు నుండి తవ్వుతున్నాడు. పైరాశి ఒక్కసారిగా కూలింది. లేచిన మబ్బు దీపానికి అంటుకుని పేలింది. నెలల తరబడి వానలు లేక ఆ యేడు పిండి ఎన్నడూ లేనంత పొడిగా ఉన్నదని మొరోట్సో గుర్తించాడు. ఆ తరువాత పెద్దవి చాలా జరిగాయి. అమెరికాలో 1919లో సెడార్ రాపిడ్స్ గంజి కర్మాగారంలో 43 మంది, 1924లో పెకిన్ పట్టణంలోని అలాంటి కర్మాగారంలోనే 42 మంది మరణించారు.

అంత దూరం పోనక్కరలేదు. 2025 జూన్ 30న మన సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో, సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలిగొన్నది. అక్కడ తయారయ్యేది మాత్రలలో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మనం నిత్యం మందుబిళ్ళతో మింగే పొడి. ధూళి పేలుడు అన్న మాట తెలుగు పత్రికలలో విరివిగా వినబడినది అప్పుడే. గంజీ సెల్యులోజూ రెండూ గ్లూకోజు గొలుసులే. పత్తి పోగు కూడా అంతే.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మక్కజొన్న గంజి పొడి పేలడానికి ఘనపు మీటరు గాలిలో సుమారు 60 గ్రాములైనా ఉండాలంటారు. అంత దట్టమైన మబ్బులో రెండు మీటర్ల దూరాన ఉన్న బల్బు కూడా కనబడదు. చిన్న సైజింగు షెడ్డులో మామూలుగా అంత లేవదు. నా భయం గాలిలోని దానిపై కాదు, దూలాల మీద, పైపుల మీద, దీపాల డొప్పల మీద యేళ్ళ తరబడి పేరుకున్న దానిపై. తొలి మంట చిన్నదే కావచ్చు. దాని ఊపుకు పైదుమ్ము రాలి మబ్బవుతుంది. ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ రెండవ పేలుడులోనే.

సరుకు నిలువ చేయడంలో మనకు తేమ గురించి తెలిసినంత దుమ్ము గురించి తెలియదు. గంజి పొడిలో సహజంగానే నూటికి 12, 13 పాళ్ళ తేమ ఉంటుంది. వానాకాలం అది పెరిగితే గడ్డకడుతుంది, బూజు పడుతుంది, కాచినప్పుడు చిక్కదనం కుదరదు. కాబట్టి సంచులను నేల మీద కాక చెక్కల మీద, గోడకు జానెడెడంగా పేర్చడం, వచ్చిన తేదీ వ్రాసి పాతది ముందు వాడడం ఏ గుమాస్తాకైనా తెలుసు. తడిసిన సంచి యజమాని ఖాతాలో నష్టంగా కనబడుతుంది మరి. ఎగిరిన దుమ్ము ఏ ఖాతాలోనూ కనబడదు, తొట్టి దగ్గర నిలబడ్డవాని కళ్ళలో, ముక్కులో కనబడుతుంది.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కూడా కాదు. సంచిని ఎత్తు నుండి కుమ్మరించకుండా తొట్టి అంచుకు ఆనించి మెల్లగా వంచాలి. ముక్కుకు మాస్కు ఉండాలి. ఒలికిన పొడిని గాలిగొట్టంతో ఊదకూడదు, అది నేల మీది దుమ్మును దూలం మీదికి ఎక్కించడమే. అలాంటి దుమ్ముకు తగిన పీల్చే యంత్రం మేలు, లేకుంటే మెత్తని చీపురుతో నిదానంగా ఎత్తాలి. నీళ్ళు చల్లితే నేల జారుతుంది గనుక వెంటనే తుడవాలి. బీడీ, వెల్డింగు, అతుకుల తీగలు ఆ గదికి దూరంగా ఉండాలి. బూజు పట్టకుండా గంజిలో మైలుతుత్తం వేసే పాత అలవాటు ఉన్నచోట దానిని వేరే గదిలో, పేరు వ్రాసి, తాళం వేసి ఉంచాలి. అది కలిసిన గంజి ఎంత మిగిలినా కుడితిలోకి పోకూడదు.