సౌడు బట్టకు, కుంకుడు పట్టుకు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో తలంటుకు కుంకుడుకాయ, సీకాయ తప్ప మరొకటి ఎరగని కాలాన్ని వెనకబాటుగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. దొరికింది వాడుకున్నారు, అందులో తెలివేముందని వాదన. దీనికి మొదటి జవాబు మన నేలలోనే ఉంది. పల్లపు భూముల్లో తెల్లగా పేరుకునే సౌడు మన్ను కుంకుడుకాయ కంటే సులువుగా, ఊరికే దొరికేది. అందులో ఉండేది ముఖ్యంగా సోడియం కార్బొనేట్ అనే క్షారం. చాకలివాళ్లు నూలు బట్టలను సౌడు నీళ్లలో తడిపి ఉబ్బకు వేస్తే మురికి, జిడ్డు వదిలిపోయేవి. తలంటుకు మాత్రం దాన్ని కాదని కుంకుడుకాయే కొట్టుకున్నారు. నూలు సెల్యులోజ్, క్షారాన్ని తట్టుకుంటుంది. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్. క్షారం తగిలితే పైపొర పొలుసులు లేచి చిక్కు పడుతుంది, పెళుసుబారుతుంది. ఈ పేర్లేవీ తెలియకపోయినా దేనికేది పడుతుందో వాళ్లకు తెలుసు.

పట్టు దగ్గర ఈ వివేకం ఇంకా తేటగా కనిపిస్తుంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టుచీరలకు పేరు. పట్టుపోగుకు పుట్టుకతోనే సెరిసిన్ అనే బంక అంటుకుని ఉంటుంది. అదీ ప్రోటీనే. సబ్బు, సోడా వేసిన వేడినీళ్లలో ఉడికిస్తే కరిగిపోతుంది. అదే పట్టు చీరై ఇంటికొచ్చాక సోడాను దగ్గరికి రానివ్వరు, కుంకుడు రసంలో జాడిస్తారు. క్షారం బంకతో ఆగదని, పోగునూ తింటుందని అనుభవం నేర్పిన పాఠం ఇది.

కుంకుడుకాయను రాయితో చితక్కొడితే నల్లటి గింజ ఎగిరిపడుతుంది, చేతికి జిగటగా తోలు మిగులుతుంది. ఆ తోలును వేడినీళ్లలో నానబెట్టి పిసికితే నురగ లేస్తుంది. అది సాపోనిన్ల పని. వాటి అణువుకు ఒక కొస చక్కెర, నీళ్లతో కలుస్తుంది. రెండో కొస నూనెను పట్టుకుంటుంది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చెట్ల జాతికి పెట్టిన సపిండస్ అనే పేరుకు అర్థమే భారతీయ సబ్బు. అయినా సబ్బుకు లేని గుణం దీనికొకటుంది. పప్పు ఉడకని గట్టి నీళ్లలో సబ్బు కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, అది జుట్టును అంటుకుంటుంది. కుంకుడు రసానికి ఆ బెడద దాదాపు లేదు. 1930లలో పాశ్చాత్యులు సబ్బు లేని షాంపూలు చేసుకున్నది ముఖ్యంగా ఈ తెట్టు బాధ తప్పించుకోవడానికే. పనితీరులో నేటి షాంపూకు దగ్గరి చుట్టం కుంకుడే, సబ్బు కాదు. షాంపూ అన్న పేరు కూడా, మర్దన చేయమనే హిందీ ‘చాంపో’ నుంచి ఇంగ్లీషులోకి పోయిందే.

కుంకుడు కళ్లు మండిస్తుంది కదా అంటే, నిజమే. చెట్టు నుంచి వచ్చిందల్లా మంచిదే అనడమూ తప్పే. సాపోనిన్లు చేపలకు విషం. పైగా కొట్టడం, నానబెట్టడం, వడకట్టడం అంతా ఆడవాళ్ల చాకిరీయే. ఆ చాకిరీ తగ్గడాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 1910లలో బెంగళూరులో మైసూరు ప్రభుత్వ సబ్బుల ఫ్యాక్టరీ వచ్చింది. 1983లో కడలూరు నుంచి చిక్ షాంపూ ప్యాకెట్లు బయల్దేరాయి. కుంకుడు ఓడింది శుభ్రం చేసే గుణంలో కాదు, నిలవ ఉండటంలో. చక్కెరలున్న ఆ రసం ఒకట్రెండు రోజుల్లో పులిసిపోతుంది. ఎండబెట్టి దంచితే నెలల తరబడి నిలిచే సీకాయ పొడి మాత్రం ఇప్పటికీ అంగడిలో దొరుకుతోంది.