పరాసుల వైనూ, మన పులుసూ

బెజవాడ నుంచి బందరు వెళ్తే పరాసుపేట అని ఒక పేట ఉంటుంది. పరాసులంటే ఫ్రెంచివాళ్లే లెండి. 1669లో గోల్కొండ సుల్తాను ఫర్మానాతో బందరులో వర్తకం మొదలెట్టారు. 1750లో ఊరినే పట్టుకున్నారు, 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డుకి పోగొట్టుకున్నారు. అయినా ఓ చిన్న స్థలం 1947 అక్టోబరు దాకా వాళ్లదే!

మరి ఇన్నేళ్లున్నా వాళ్ల వైను మన విస్తట్లోకి ఎందుకు రాలేదు? ఖరీదూ, ఆచారాలూ సరే, నా అనుమానం మాత్రం చింతపండు మీద.

ఫ్రాన్సులో లువార్ నది సముద్రంలో కలిసే వైపు మస్కడే అని ఒక తెల్ల వైను చేస్తారు. తీపి ఉండదు. నిమ్మచెక్క లాంటి పులుపు, చివర్లో కాస్త ఉప్పదనం. బాగా చల్లబరిచి ఆయిస్టర్లతోనో, చప్పటి చేపతోనో తాగుతారు. అంటే వాళ్లకి పులుపు గ్లాసులోంచి వస్తుందన్నమాట. మనకి ఆ పని చింతపండు ముందే చేసేసింది. కొరమీను పులుసు తిని ఇది తాగితే నీళ్లలా ఉంటుంది, పైగా కారం ఇంకా మండుతుంది.

టీం డిన్నర్లలో "చేపకి వైట్ వైనే" అని రూలు చెప్పేవాళ్లుంటారు. నచ్చకపోతే మన నాలుకకే నాగరికత లేదన్నట్టు చూస్తారు. ఆ రూలు పులుసు తెలియనివాళ్లు రాసుకున్నది బాబూ! కావాలంటే కారం తగ్గించి వేయించిన రొయ్యలతో తాగి చూడండి. నిమ్మకాయ మాత్రం పిండకండి.