తెలంగాణ విశ్వవిద్యాలయాలలో పాత్రికేయ పాఠ్యప్రణాళికలు

తెలంగాణలోని విశ్వవిద్యాలయాలు బోధించే పాత్రికేయ విద్య పేరుకు ఒకటే అయినను, పాఠ్యాంశాలలోను బోధనాభాషలోను చాలా భేదం కలదు. వార్త రాయటంలో శిక్షణకు, మాధ్యమాలను గూర్చిన సిద్ధాంత బోధనకు ఎంతెంత పాలు ఇవ్వవలెనన్నది ఈ భేదానికి మూలం.

చరిత్ర

దక్షిణ తెలంగాణలో పత్రికలు ఈ చదువు కంటె ముందు పుట్టినవి. నల్లగొండ నుండి 1922లో షబ్నవీసు వేంకట రామ నరసింహారావు నీలగిరి పత్రికను నడిపాడు. పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుండి గోలకొండ పత్రికను ప్రారంభించాడు. ఆయన చదివినది న్యాయశాస్త్రం. ఉపఖండంలో 1941లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పి.పి.సింగ్ పాత్రికేయ బోధన ప్రారంభించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ విభాగం 1954లో ఏర్పడినది.

పాఠ్యాంశాలలో భేదాలు

ఉస్మానియాలో డిగ్రీ తరువాత చదివే బి.సి.జె., ఆపై ఎం.సి.జె. చాలాకాలం నడిచినవి. వార్తాసేకరణ, ఉపసంపాదకత్వం, పత్రికా చట్టాలు, ప్రకటనలు, పౌరసంబంధాలు ఇందులో ప్రధానాంశాలు. విద్యార్థులు అభ్యాసం కొరకు ఉస్మానియా కొరియర్ అను పత్రికను తెచ్చేవారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ విద్యకు కమ్యూనికేషన్ అని పేరు. అక్కడ సిద్ధాంతాలకు, పరిశోధనా పద్ధతులకు, వీడియో నిర్మాణానికి ప్రాముఖ్యం ఎక్కువ. సామాజిక మాధ్యమాలపై కాక సముదాయ మాధ్యమాలపై, అనగా ఊరివారే నడుపుకొనే రేడియో వంటి వాటిపై, యునెస్కో పీఠం 2011లో అక్కడ ఏర్పడినది.

1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం ఈ విద్యను తెలుగులోనే బోధిస్తుంది. దీనికి 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగుతుంది. ఇవిగాక దినపత్రికలు తమ సొంత పాఠశాలలను నడుపుతూ అనువాదం, భాషాశైలి, వర్తమాన వ్యవహారాలు నేర్పుతున్నవి.

గ్రామీణ విలేకరులు

ఈ చదువు కేంద్రాలన్నీ దాదాపు హైదరాబాదులోనే ఉండగా, తెలుగు దినపత్రికల జిల్లా పుటలను నింపేవారు మండల విలేకరులు. నల్లగొండ జిల్లా అనుముల మండలంలోని హాలియా ఇందుకు తగిన ఉదాహరణ. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతం కనుక ఇక్కడి వార్తలలో కాలువ నీటి విడుదల, వరి కొనుగోళ్ళు, భూమి తగాదాలు ముఖ్యమైనవి. ఇవి రాయటానికి పహాణీ చదవటం, తూముల లెక్క తెలియటం కావలెను.

యునెస్కో 2007లో వెలువరించిన నమూనా ప్రణాళిక పాత్రికేయ విద్యను మూడు పాయలుగా విభజించినది: వృత్తి పద్ధతులు, సమాజంలో ఆ వృత్తి స్థానం, విషయ పరిజ్ఞానం. మన పాఠ్యప్రణాళికలలో మొదటి రెంటికి దొరికే చోటు మూడవదానికి అరుదుగా దొరుకుతుంది. బోధన ఆంగ్లంలో ఉన్నచోట తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి మొదటి రెండు కూడ కష్టమే. మండల విలేకరులలో పెక్కుమందికి జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ పేరిట కొద్ది మొత్తం ముడుతుంది. ప్రకటనల సేకరణ కూడ వారి మీదనే పడుతుంది. ప్రకటన ఇచ్చిన వ్యాపారిపై వార్త రాయవలసి వచ్చినపుడు ఏమి చేయవలెనన్నది నీతి పాఠాలలో ఉండవలసిన ప్రశ్నయే.