సూదిపోటు - నర్సుల రక్షణ



మన యూళ్లనుండి యెందరో ఆడపిల్లలు నర్సు చదువు చదివి, పట్టణములలోని ఆసుపత్రులయందు రేయింబవళ్లు పాటుపడుచున్నారు. వారి వృత్తిలోని గాయములలో కంటికి కానరానిది సూదిపోటు. నేను వైద్యుడను గాను, బడిపంతులను. అయినను ఆ గాయమునకును మన హైదరాబాదునకును గల సంబంధము చరిత్రలో చేరదగినది గనుక విన్నవించుచున్నాను.

రోగికి గ్రుచ్చిన సూది నర్సు వ్రేలికి దిగినచో, దానినంటిన రక్తమువలన హెపటైటిస్-బి యను కాలేయవ్యాధి సోకవచ్చును. రోగికి ఆ వ్యాధి యున్నచో, టీకా లేనివారిలో నూటికి 6 మొదలు 30 మందివరకు దానికి లోబడుదురని వైద్యుల లెక్క. కొందఱికది ముదిరి కాన్సరుగా పరిణమించును.

ఈ వ్యాధి జాడను 1965లో వెల్లడించిన అమెరికా శాస్త్రజ్ఞుడు బ్లంబర్గు 1976లో నోబెల్ బహుమానమందెను. 1981లో అమెరికాలో టీకాయు వచ్చెను. కాని విదేశపు టీకా వెల మన సామాన్య కుటుంబములకు మోయరానిదిగా నుండెను.

అప్పుడు నెల్లూరు సీమకు చెందిన ఇంజనీరు వరప్రసాదరెడ్డిగారు 1993లో శాంతా బయోటెక్నిక్సు సంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థవారు తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమునను, పిమ్మట తార్నాకకు చేరువనున్న సీసీయంబీ పరిశోధనాలయమునను శ్రమించి, 1997లో షాన్‌వాక్-బి యను టీకాను వెలువరించిరి. దానితో వెల మిక్కిలి తగ్గెను.

అయితే టీకా వ్యాధిని ఆపును గాని పోటును ఆపజాలదు. హెపటైటిస్-సికిని, ఎయిడ్సుకును నేటికిని టీకా లేదు. పోటునకు మూలము చేతి యజాగ్రత్త యొక్కటే యనుట న్యాయము గాదు. ఒక్క నర్సుపై పెక్కుమంది రోగుల భారము, నిద్రలేని రాత్రివిధి, వాడిన సూదికి తొందరలో మరల మూత తొడుగుట, సూదులు వేయు డబ్బా దూరముగా నుండుట, నిందకు వెఱచి గాయమును దాచుట - ఇవియే కారణములు. గాయమును వెంటనే తెలిపినచో చికిత్సకు వ్యవధి యుండును. దాచినచో ఆ వ్యవధి జాఱిపోవును.

అమెరికాలో 2000 సంవత్సరమున సురక్షితమైన సూదులను కోరు చట్టము వచ్చెను. మన దేశమున 2016 నాటి ఆసుపత్రి వ్యర్థముల నియమములు సిబ్బందికి ఈ టీకా వేయించు బాధ్యతను యజమానిపైననే యుంచినవి.

కావున మీ యింటి పిల్ల నర్సు కొలువులో చేరునపుడు జీతముతోపాటు, మూడు మోతాదుల టీకా ముగిసినదా యనియు, ఒక్కొక్కరికి ఎందఱు రోగులనప్పగింతురనియు అడుగుడు. సేవ చేయు చేతిని కాపాడుట సేవ పొందువారి ధర్మము.