రెండో జీనా

2017 జూన్ 14. రమజాన్ నెల. లండన్‌లోని నార్త్ కెన్సింగ్టన్ మొహల్లాలో తరావీహ్ ముగించుకుని, సహరీ కోసం మేలుకుని ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకు కాస్త ముందు, 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో నాలుగో మంజిల్‌లోని ఒక వంటింట్లో ఫ్రిజ్ దగ్గర మంట లేచింది. రోజా కోసం మేలుకుని ఉన్నవాళ్లు ఇరుగుపొరుగు తలుపులు బాది నిద్రలేపారని ఆ తర్వాత పత్రికలన్నీ రాశాయి. అయినా 72 జానులు పోయాయి. అన్ని అంతస్తులున్న ఆ భవనానికి జీనా ఒక్కటే. ఎక్కడానికైనా దిగడానికైనా ఆ మెట్లే దారి.

తాజ్జుబ్ ఏమిటంటే, ఆ ఒక్క జీనా కానూన్‌కు విరుద్ధం కాదు. బ్రిటన్‌లో అప్పటి హిసాబ్ ఇలా ఉండేది: ప్రతి ఫ్లాటూ ఒక కాంక్రీటు పెట్టె, మంట లేచిన పెట్టెలోనే మంట ఆగిపోతుంది, కాబట్టి మిగతావాళ్లు తమ ఇళ్లలోనే ఉండాలి. అందరూ ఒకేసారి దిగరు గనక ఒక్క జీనా చాలు. కానీ గోడలకు బయట అతికించిన క్లాడింగ్ మంటను పై అంతస్తులకు ఎక్కించింది. పెట్టె లెక్క తప్పింది. ఇళ్లలోనే ఉండమన్న హిదాయత్ మాత్రం తెల్లవారుజామున 2:47 దాకా మారలేదు. అప్పటికి జీనా పొగతో నిండిపోయింది.

రెండో దారి ఉండాలన్న మాట ఇప్పటిది కాదు. దాని తారీఖ్ వెతికితే న్యూయార్క్ ఎల్మ్ వీధి దగ్గర తేలతాం. 1860 ఫిబ్రవరి 2 రాత్రి, బీద కుటుంబాలు కిక్కిరిసి ఉండే ఒక అద్దె భవనంలో, కింద ఉన్న బేకరీ నుంచి మంట లేచింది. ఉన్న ఒక్క జీనా కాలిపోయింది. ఫైర్ సిబ్బంది నిచ్చెనలు పై అంతస్తుల దాకా అందలేదు. ఇరవై మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. కొన్ని నెలలు తిరగకుండానే కొత్త కానూన్ వచ్చింది. ఎనిమిది కంటే ఎక్కువ కుటుంబాలుండే ఇంటికి మంట అంటుకోని జీనా అయినా ఉండాలి, లేదా బయటి గోడకు మెట్లతో కలిపిన బాల్కనీలైనా ఉండాలి. న్యూయార్క్ ఫొటోల్లో మనం చూసే ఆ ఇనుప మెట్లు అలా పుట్టినవే.

తర్వాతి కథ చదివితే మన సంగతే అనిపిస్తుంది. మాలిక్‌లు వీలైనంత చవగ్గా, సన్నటి ఇనుప నిచ్చెనలు బిగించి చేతులు దులుపుకున్నారు. కిరాయిదారులు ఆ బాల్కనీల మీద పరుపులు, డబ్బాలు, పూలకుండీలు సర్దుకున్నారు. దారికి అడ్డం పెట్టకూడదని మళ్లీ విడిగా నియమం రాయాల్సి వచ్చింది.

1911 మార్చి 25న అదే నగరంలో ట్రయాంగిల్ బట్టల కార్ఖానా కాలింది. పదంతస్తుల భవనంలో పై మూడు అంతస్తులు ఆ కార్ఖానావి. తొమ్మిదో అంతస్తులో ఒక దర్వాజాకు తాళం వేసి ఉంది. బయటి ఇనుప మెట్లు జనం బరువుకు వంగి కూలిపోయాయి. నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే అందాయి. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇటలీ నుంచీ, తూర్పు యూరప్ యూదు కుటుంబాల నుంచీ పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఆడపిల్లలే.

ఆ హాదసా తర్వాత, 1913లో అమెరికా నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ప్రాణరక్షణ మీద ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ మెహనత్‌తో 1927లో ‘బిల్డింగ్ ఎగ్జిట్స్ కోడ్’ వచ్చింది. నేటి ‘లైఫ్ సేఫ్టీ కోడ్’ అదే. దాని సారం చిన్నదే. బయటికి దారులు రెండుండాలి. రెండూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి, పక్కపక్కనే ఉంటే ఒకే పొగ రెండింటినీ మూసేస్తుంది. జీనా చుట్టూ గోడా, మూసుకునే తలుపూ ఉండాలి, లేకుంటే అది పొగగొట్టంలా మారుతుంది. లోపలున్న మనిషి తాళంచెవి వెతక్కుండా తలుపు తీయగలగాలి. మంటలో చిక్కుకున్నవాళ్లను చాలాసార్లు మంట కంటే ముందు పొగే చంపుతుంది. ఈ నియమాలన్నీ ఆ పొగను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

మన దేశంలో నేషనల్ బిల్డింగ్ కోడ్ మొదట 1970లో వచ్చింది. తర్వాత 1983లో, 2005లో, 2016లో దాన్ని సవరించారు. 15 మీటర్లు, ఆపై ఎత్తున్న భవనాలకు కనీసం రెండు జీనాలు ఉండాలని 2005 కోడ్ రాసింది. లిఫ్టును బయటికి దారిగా లెక్కించకూడదంది. మెట్ల దగ్గర గ్యాస్ పైపులు, కరెంటు ప్యానెళ్లు ఉండకూడదంది, సామాన్ల గది నేరుగా మెట్లలోకి తెరుచుకోకూడదంది. కానీ కోడ్ తనంతట తాను కానూన్ కాదు. రాష్ట్రాలు తమ రూల్స్‌లోకి తీసుకుంటేనే దానికి పట్టు వస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీ.ఓ. 168, హై-రైజ్ గీతను 18 మీటర్ల దగ్గర గీసింది. నివాస భవనాలకు ఫైర్ శాఖ ఎన్.ఓ.సి. అడిగే గీత కూడా అదే. ఇప్పుడు మన ఖాందాన్‌లు ఉండే అపార్ట్‌మెంట్లు గుర్తు తెచ్చుకోండి. కింద బండ్లు, పైన నాలుగో ఐదో అంతస్తులు. చాలావరకు ఆ గీత కిందనే ఆగిపోతాయి. అంటే ఒకే జీనా, దాని కిందే కరెంటు మీటర్లు, వాటి పక్కనే స్కూటర్లు. పొగకు మాత్రం 18 మీటర్ల గీత తెలియదు.

2023 నవంబర్ 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో అదే జరిగింది. అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకున్నాయి. పొగ మెట్ల మీదుగా పైకెక్కింది. పైఅంతస్తుల్లో ఉన్న 9 మంది పోయారు. 2025 మే 18 ఉదయం చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న ఇంట్లో 17 మంది పోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. లోపలికి సొరంగంలాంటి ఒకే ఇరుకు దారి, పైకి మీటరు వెడల్పున్న ఒకే జీనా అని అధికారులు చెప్పారు. మొహల్లా కుర్రాళ్లు షట్టరు విరగ్గొట్టి, గోడ పగలగొట్టి లోపలికి పోయారు. ఆ ఇంటివాళ్ల మజ్‌హబ్ ఏమిటని ఎవరూ చూడలేదు. కానీ గోడ పగలగొట్టి దారి చేసేలోపు పొగ తన పని ముగించింది.

మన పాత దేవిడీల్లో మర్దానాకు ఒక దర్వాజా, జనానాకు ఇంకో దర్వాజా ఉండేవి. అవి పర్దా కోసం పెట్టినవే. అయినా ఆపద వేళ రెండో దారి కూడా అవే. తర్వాత పంపకాలొచ్చాయి, దుకాణాలొచ్చాయి, ఒక్కో వాటాకు ఒక్కో తలుపు మిగిలింది. ఇప్పుడు ఫ్లాట్లలో దొంగల భయంతో బాల్కనీకి గ్రిల్, మెట్ల తలుపుకు గ్రిల్, మిద్దె తలుపుకు తాళం. ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ట్రయాంగిల్‌లో ఆ దర్వాజాకు తాళం వేసింది మాలిక్‌లు. మన ఇళ్లలో వేసుకుంటున్నది మనమే.

మంటల్లో పోయినవాళ్లకు షహాదత్ దర్జా ఉందని హదీసులు చెబుతాయి. మిగిలినవాళ్లకు అది తసల్లీ. కానీ గఫ్లత్‌కు అది ఇజాజత్ కాదు. మదీనాలో ఒక రాత్రి ఇల్లు కాలిందని విన్నప్పుడు, పడుకునేముందు నిప్పు ఆర్పమని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) తాకీదు చేశారు. తఖ్దీర్ మీద యఖీన్ ఉన్నవాళ్లకే ఆ తాకీదు.

కాబట్టి ఈ జుమా నమాజ్ అయ్యాక ఒక్క పని చేద్దాం. మన బిల్డింగ్ జీనా మీద కింది నుంచి మిద్దె దాకా నడుద్దాం. స్కూటర్లు, గోనెలు, పాత సోఫాలు తీయిద్దాం. మీటర్ల దగ్గర ఏదీ పెట్టనివ్వొద్దు. మిద్దె తలుపుకు లోపలి నుంచి చేత్తో తెరుచుకునే గడియ పెట్టిద్దాం. గ్రిల్‌లో ఒక భాగం తెరుచుకునేలా వెల్డింగ్ చేయిద్దాం, దాని తాళంచెవి దాదీకీ పిల్లలకూ చూపిద్దాం. కొత్త ఫ్లాట్ కొనేటప్పుడు టైల్స్ రంగు కంటే ముందు ‘రెండో దారి ఎక్కడ?’ అని అడుగుదాం.

గ్రెన్‌ఫెల్ తర్వాత ఇంగ్లండ్‌లో 18 మీటర్లు, ఆపై ఎత్తున్న కొత్త నివాస భవనాలకు రెండో జీనా తప్పనిసరి చేశారు. ఆ నియమం అమలుకు పెట్టిన తేదీ 2026 సెప్టెంబర్ 30. అక్కడ కూడా కానూన్ జనాజాల తర్వాతే వచ్చింది. మన ఇళ్లలో జనాజాల కంటే ముందే అఖల్ వచ్చేలా అల్లాహ్ తౌఫీఖ్ ఇవ్వాలి. ఆమీన్.