రెక్కలు లేని పరి

రాయపూరు చుట్టుపట్ల పల్లెలలో రాత్రి భోజనములైన తరువాత మొదలై తెల్లవారువరకు సాగెడి ఆటను నాచా అందురు. అందులో తప్పనిసరియైన వేషములు రెండు. ఒకటి జోక్కడ్, అనగా విదూషకుడు. రెండవది పరి. పరి అను మాట పారసీకమునుండి ఉర్దూ ద్వారా వచ్చినది. రెక్కలు గల దేవకన్య అని దాని అర్థము. కాని నాచా ఆడెడి మైదానములోనికి వచ్చు పరికి రెక్కలుండవు. ఆమె చీర కట్టి, గాజులు తొడిగి, ఒక్కొక్కప్పుడు తలమీద చెంబు నిలుపుకొని పాడుచు వచ్చును. వచ్చి ఒకరికి ఇల్లాలగును, మరియొకరికి కోడలగును, జోక్కడ్‌తో కలహించి ఇంటి కష్టసుఖములు చెప్పుకొనును. ఆ వేషము తరతరములుగా మగవాడే వేసినాడు. పగలు వ్యవసాయమో కూలియో చేసుకొని బ్రదుకువాడు.

మన తోలుబొమ్మలాట తెలిసినవారికి ఈ జంట క్రొత్త కాదు. జుట్టుపోలిగాడు, బంగారక్క అట్టివారే. రామరావణయుద్ధము నడుమ దూరి, కాపురపు గొడవలతో నవ్వించి పోవుదురు. భేదమొక్కటే. మనము ఆమెను బంగారక్క అన్నాము. ఛత్తీస్‌గఢ్ రైతు దేవకన్య అన్నాడు. అది వేళాకోళపు పేరు మాత్రమేనని తోసివేయువారుండవచ్చును. నాకట్లు తోచదు. దేవకన్య మానవలోకములో కాపురముండుట అను కథావస్తువునకు ఈ దేశమున దీర్ఘమైన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో నాచా పరిని ఎక్కడ నిలుపవలెనో ఎవరును అంతగా ఆలోచించినట్లు లేదు.

ఋగ్వేదము పదవ మండలములోని 95వ సూక్తము ఊర్వశీ పురూరవుల సంవాదము. అప్పటికే కాపురము ముగిసినది. ఆమె విడిచిపోయినది, అతడు బతిమాలుచున్నాడు. ఆమె పెట్టిన నియమములను, అవి భంగమైన విధమును శతపథ బ్రాహ్మణము చెప్పును. అక్కడనే ఒక సూత్రము ఏర్పడినది. దివినుండి వచ్చినదానికి ఒక నియమమో, చీరయో, ఉంగరమో అడ్డు ఉండవలెను. ఆ అడ్డు తొలగిన మరుక్షణము ఆమె పోవలెను. 1961లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన జగదేకవీరుని కథ చీరమీద నడచినది. 1990లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరి ఉంగరముమీద నడచినది. ఈ రెండవది మన ప్రస్తుతమునకు మరింత చేరువ. ఇంద్రుని కుమార్తె విశాఖపట్టణమునకు వచ్చి, యాత్రికులకు ఊరు చూపి జీవించు యువకుని ఇంట చేరును. మోటారుబండ్లు, వీధిదీపములు గల ఊరు. అనాథ పిల్లలున్న ఇల్లు. అయినను ప్రేక్షకుని కన్ను ఉంగరమును విడువదు. ఆమె ఇక్కడ ఉండుట, రైలు తప్పిన బాటసారి స్టేషనులో గడుపు రాత్రి వంటిది.

విశ్వనాథ సత్యనారాయణ హాహాహూహూలో అప్సరసకు బదులు గంధర్వుని దింపినారు. గుఱ్ఱపు తల గల ఆ గంధర్వుడు లండను నగరమున ట్రఫాల్గరు కూడలిలో పడును. జనము గుమిగూడుదురు, అతనిని బోనులో పెట్టుదురు, అతడు సంస్కృతము మాటలాడును. ఆధునిక నగరములో ఒక దివ్యుని నిలబెట్టి తెలుగులో వ్రాసిన చిన్న రచనలలో దీనికి సాటి లేదని నా అభిప్రాయము. మనిషి ఎవడు, మృగమెవ్వరు అను ప్రశ్న అందులో పదునుగా ఉన్నది. కాని ఆ గంధర్వుడు వాదమునకు వచ్చినవాడు. లండనులో అద్దె ఇల్లు వెదకుకొనవలసిన పని అతనికి లేదు.

రెక్కలు తెగిన దేవకన్యను చూడవలెనన్న లక్నోకు పోవలెను. ఆగా హసన్ అమానత్ 1853 ప్రాంతమున వెలువరించిన ఇందర్ సభలో సబ్జ్ పరి, అనగా ఆకుపచ్చ దేవకన్య, గుల్ఫామ్ అను రాకుమారుని వలచి రహస్యముగా ఇంద్రసభకు తీసికొనిపోవును. ఇంద్రుడు కోపించి అతనిని బావిలో వేయించి, ఆమె రెక్కలు తీయించి వెడలగొట్టును. ఆమె జోగినియై పాడుచు తిరిగి, ఆ పాటతోనే ఇంద్రుని మెప్పించి ప్రియుని విడిపించుకొనును. అమరావతిలో పారసీక దేవకన్యలు ఆడుట ఆనాటి లక్నోకు విడ్డూరము కాలేదు. పార్శీ నాటక సమాజములు ఈ కథను ఊరూర త్రిప్పినవి. 1932లో ఇది మాటలాడు చిత్రమై, సుమారు 70 పాటలతో వచ్చినది. ఆ పరికి రెక్కలు పోయినవి, పాట మిగిలినది.

ఛత్తీస్‌గఢ్‌లో పాటతోపాటు పని కూడ మీద పడినది. నాచాలో ఆడెడి చిన్న హాస్యకథను గమ్మత్ అందురు; మన గమ్మత్తు అదే మాట. ఒక రాత్రిలో కొన్ని గమ్మత్‌లు ఆడుదురు. వ్రాతప్రతి ఉండదు. కథ యొక్క ఎముకలు నటులందరికిని తెలియును. మాటలు ఆ రాత్రినిబట్టి, ఆ ఊరినిబట్టి పుట్టును. పూర్వము వాద్యగాండ్రు నిలువబడియే వాయించెడివారు, తబలాను నడుమునకు కట్టుకొనెడివారు. దివిటీల తరువాత పెట్రోమాక్సు దీపములు వచ్చినవి. రాజనందగావ్ సమీపమున రవేలి గ్రామపు భూస్వామి దావూ దులార్ సింగ్ మందరాజీ 1927–28 ప్రాంతమున ఒక నాచా బృందమును కూర్చి, హార్మోనియమును ప్రవేశపెట్టి, అంటరానితనమును, వృద్ధవివాహమును గమ్మత్‌లకు వస్తువులు చేసినారు. ఉన్న ఆస్తి దీనికే ఖర్చుచేసి, 1984లో బీదతనములో మరణించినారు.

మెహతరిన్ అను గమ్మత్‌లో నాయిక వీధులూడ్చెడి స్త్రీ. ఆమెను ముట్టరాదనెడి పండితుడే అందరి ముందర నవ్వులపాలగును. స్త్రీపాత్ర పరిదే కనుక, ఇందర్ సభలో రెక్కలు పోగొట్టుకొన్న మాటయే ఇక్కడ చేత చీపురు పట్టినదనవలెను. మన కల్పనలలో దేవకన్యకు వంట చేయించినవారున్నారు; అది నవ్వుటకు, ఒక సన్నివేశము కొరకు. వీధులూడ్చు పనిని ఆమెకు జీవనముగా ఇచ్చినవారిని నేను చదువలేదు. ఆ నవ్వు అందరికిని రుచింపలేదు కూడ. పోంగా పండిత్ అను పేరుతో ఇదే కథను ఆడినప్పుడు 1990లలోను, 2003లోను ప్రదర్శనలకు ఆటంకములు కలిగినవి.

ఆ ప్రదర్శనలు హబీబ్ తన్వీర్ బృందమువి. ఆయన 1923లో రాయపూరులో జన్మించి, అక్కడనే పాఠశాల చదువు ముగించినారు. బొంబాయి, ఢిల్లీ, లండను చూచి వచ్చి, 1958లో మృచ్ఛకటికమును ఆడించుటకు ఆరుగురు ఛత్తీస్‌గఢీ నటులను ఢిల్లీకి తీసికొనిపోయినారు. మరుసటి యేడు నయా థియేటర్ ఏర్పడినది. చాలకాలము ఆ పల్లెనటులచేత పట్టణపు హిందీ పలికించుటకు యత్నించి, అది తమ తప్పని గ్రహించినారు. 1973లో రాయపూరులో నెలదినములపాటు నాచా కళాకారులను కూర్చుకొని, మూడు గమ్మత్‌లను ఒక నాటకముగా అల్లినారు. దాని పేరు గాఁవ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్. ఊరిపేరు అత్తవారిల్లు, నా పేరు అల్లుడు అని అర్థము. ఆ మూడింటిలో ఒకటి బుఢవా బిహావ్, ముసలివాని పెండ్లి.

తెలుగువానికి ఇక్కడ కన్యాశుల్కము గుర్తురాక మానదు. 1892లో విజయనగరమున గురజాడ ఆడించిన ఆ నాటకములో లుబ్ధావధానులు పెండ్లాడినది ఆడవేషములోనున్న కరటకశాస్త్రి శిష్యుని. ముసలి వరుని ఎదుట చీర కట్టిన మగపిల్లవాడు! నాచా ప్రేక్షకుడు ఆ ఘట్టము చూచిన, భాష తెలియకున్నను తన ఊరి పరిని గుర్తుపట్టియుండును. రాయపూరును విజయనగరముతో కలిపిన రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ బండ్లలో మనవారెందరో ఉద్యోగములకై ఆ ప్రాంతమునకు పోయి స్థిరపడినారు. ఈ రెండు ముసలివాండ్ర పెండ్లిండ్లు మాత్రము ఒకదానినొకటి చూచుకొనలేదు.

తన్వీర్ బృందములో స్త్రీలు చేరిన తరువాత పరి వేషమునకు మగవాని అవసరము తగ్గినది. దేవార్ జాతికి చెందిన ఫిదాబాయి చరణదాస్ చోర్‌లో రాణి వేషము ధరించినది. ఆ నాటకమునకు 1982లో ఎడింబరో నాటకోత్సవమున బహుమానము వచ్చినది. స్త్రీలు రంగమెక్కుట న్యాయము. అయినను జోక్కడ్ పేరు చెప్పుకొన్నంతగా, అంతకుముందు రాత్రులన్నియు గాజులు తొడిగినవారి పేర్లు ఎవరును చెప్పుకొనరు. గమ్మత్‌కు వ్రాతప్రతి లేనందున వారి మాటలును మిగులలేదు.

1993లో తన్వీర్ షేక్స్‌పియరు వసంతస్వప్న నాటకమును కామ్‌దేవ్ కా అప్నా, బసంత్ ఋతు కా సప్నా అను పేరుతో ఆడించినారు. అందులోని దేవకన్యల రాణి మత్తుమందు వలన గాడిదతల గల నేతగానిని ప్రేమించును. నాచా ఎరిగినవానికి ఇందులో వింత ఏమున్నది? వాడు జోక్కడ్, ఆమె పరి. రాయపూరు పల్లెలకు పరిచితమైన జంటయే ఇంగ్లండునుండి తిరిగివచ్చినది. షేక్స్‌పియరు రాణి మాత్రము మేల్కొని, తాను వలచినదానిని చూచి అసహ్యించుకొని, తన రాజుతో వెడలిపోవును. నాచా పరికి అట్టి మేల్కొనుట లేదు. తెల్లవారును, దీపములార్పుదురు, వేషగాడు గాజులు తీసి మూట కట్టుకొని, ముఖమునకు పూసిన రంగు చెరువులో కడుగుకొని, పొలమునకు పోవును.