క్వేకర్లు (పేరు పుట్టుక)

17వ శతాబ్దపు ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధనలతో ఏర్పడి, తరవాత మిత్ర సమాజంగా స్థిరపడిన క్రైస్తవ శాఖ సభ్యులకు బయటివారు పెట్టిన పేరు క్వేకర్లు. వణికేవారని దీని అర్థం. 1650లో డర్బీలో తనను విచారించిన న్యాయాధికారి జెర్వేజ్ బెన్నెట్, దేవుని వాక్కుకు వణకమని తాము హెచ్చరించినందుకు మొదటగా ఈ పేరు పెట్టాడని ఫాక్స్ తన జీవిత వృత్తాంతంలో చెప్పాడు. ఈ ‘మొదట’ అన్నది నిలవదు. సముద్రం దాటి లండన్ పక్కన సదర్క్‌కు చేరి, ఒళ్లు ఉబ్బి వణికే స్త్రీల బృందాన్ని 1647 నాటి లేఖ ఒకటి అప్పటికే ఇలా పిలిచింది. అందువల్ల బెన్నెట్ వాడుకలోని వెక్కిరింతనే వీరికి తగిలించాడనుకోవడం సబబు. సభల్లో కలిగే కంపనం వల్లే పేరొచ్చిందన్న క్వేకర్ వేదాంతి రాబర్ట్ బార్క్లే 1676 నాటి వివరణ ఇందుకు అడ్డురాదు. ఆ వణుకు జనం కంటబడబట్టే పేరు అతుక్కుపోయి ఉండాలి.